చందా కట్టి కంప్యూటరు సహాయకుని పెట్టుకొనుట గిట్టుబాటేనా?
(ఉగాది సభలో చేసిన ప్రసంగపు పాఠము)

 

పంచాంగ శ్రవణము ఇప్పుడే ముగిసినది. ఈ పరాభవ నామ సంవత్సరమున ఏ రాశివారికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని అందరము చెవులొగ్గి విన్నాము. ఆదాయము తక్కువ, వ్యయము ఎక్కువ అని వచ్చినవారు చిన్నబుచ్చుకొనవద్దు. పంచాంగములోని లెక్క మన చేతిలోనిది కాదు. ఇంటిలోని లెక్క మన చేతిలోనిదే. కార్యవర్గమువారు మాకు అప్పగించిన విషయము ఆ ఇంటి లెక్కకు సంబంధించినది. ప్రోగ్రాములు వ్రాసిపెట్టు కృత్రిమ మేధా సహాయకులకు నెలనెలా డబ్బు కట్టుట గిట్టుబాటా, కాదా అన్నది ప్రశ్న. పండితులవారు చెప్పిన ఆ నాలుగు పద్దులక్రిందనే దీనిని కూడ విచారించెదము.

ఇది పండుగనాడు మాట్లాడదగిన విషయమా అని పెద్దలకు తోచవచ్చును. మన తాతలు పొట్ట చేతబట్టుకొని ఈ బెంగుళూరుకు, మదరాసుకు, బరంపురమునకు, షోలాపురమునకు వచ్చినప్పుడు వారికి తెలిసిన విద్య వేరు. నేడు మన ఇండ్లలో ఇంటికొక పిల్లయో పిల్లవాడో కంప్యూటరు ముందు కూర్చుండి బ్రదుకుచున్నారు, లేదా అట్లు బ్రదుకుటకు చదువుచున్నారు. వారు వచ్చి “నాన్నా, నెలకు రెండువేలు కావలెను, అందరును కట్టుచున్నారు” అన్నప్పుడు ఔననుటకైనను కాదనుటకైనను తండ్రికి ఆధారము ఉండవలెను గదా! అందుచేత ఇది పండుగనాటి మాటయే.

మొదట ఈ వస్తువేమో తెలిసికొందము. ప్రపంచములోని ప్రోగ్రామర్లు వ్రాసి బహిరంగముగా ఉంచిన కోడును, పుస్తకములను కోట్లకొలది పుటలు యంత్రముచేత చదివించి, ఒక మాట తరువాత ఏ మాట రాదగునో ఊహించుట దానికి నేర్పినారు. ఆ ఊహాశక్తియే ఈ సహాయకుడు. గిట్‌హబ్ సంస్థవారు కోపైలట్ అనుదానిని 2021 జూన్‌లో పరీక్షార్థము కొందరికి ఇచ్చి, 2022 జూన్ నుండి నెలకు 10 డాలర్ల చందాకు అందరికిని ఇయ్యసాగినారు. అప్పుడది మనము సగము వ్రాసిన పంక్తికి మిగిలిన సగము అందించెడిది. 2025 నాటికి కర్సర్, క్లాడ్ కోడ్ మొదలగునవి వచ్చి, పని ఇదియని మామూలు భాషలో చెప్పినంతనే పది ఫైళ్లు తెరచి, మార్చి, పరీక్షించి, తప్పు కనబడినచో తిరిగి దిద్దు స్థితికి చేరినవి. తెలుగులో చెప్పినను గ్రహించును. ఇది గారడి కాదు, మోసమును కాదు. పనికివచ్చు వస్తువే. ఎవరికి, ఎంతకు అన్నదే మన విచారణ.

ఇక వ్యయము. 2025లోని ధరలు చెప్పుచున్నాము. కోపైలట్ వ్యక్తిగత చందా నెలకు 10 డాలర్లు. కర్సర్ ప్రో, క్లాడ్ ప్రో అనునవి ఒక్కొక్కటి 20 డాలర్లు. రోజంతయు వాడువారికి క్లాడ్ మాక్స్ అని 100 డాలర్లది, 200 డాలర్లది ఉన్నవి. డాలరు తొంబది రూపాయలనుకొందము. 20 డాలర్లకు 1,800 రూపాయలు. దానిపై 18 శాతము జి.ఎస్.టి. 324. వెరసి 2,124. విదేశీ ద్రవ్యమున చెల్లించినందుకు బ్యాంకువారు పుచ్చుకొనునది దీనికి అదనము. సంవత్సరమునకు ఎంత లేదన్నను 25,488 రూపాయలు. ఇక 200 డాలర్ల చందా అయినచో నెలకే 21,240 రూపాయలు! మన ఊళ్లలో చాల కుటుంబములకు ఇది ఇంటి అద్దె.

ఇది పైకి కనబడు వ్యయము. కనబడనివి రెండు గలవు. మొదటిది పరిమితి. నెల చందా కట్టితిమి గనుక ఎంతయైనను వాడుకొనవచ్చునని పిల్లలు అనుకొందురు. అట్లు కాదు. ఈ యంత్రము చదువు ప్రతి తునకకును, వ్రాయు ప్రతి తునకకును లెక్క ఉన్నది. ఆ తునకను టోకెను అందురు. పెద్ద ప్రోగ్రామును దాని ముందు పరచి “ఇందులో తప్పెక్కడ?” అని అడిగినప్పుడెల్ల అదంతయు మరల చదువును, లెక్క మరల ఎక్కును. 2025 జూన్‌లో కర్సర్‌వారు, నెలకు ఇన్ని అభ్యర్థనలని ఉన్న పద్ధతిని మార్చి, వాడకమునుబట్టి లెక్కకట్టు పద్ధతి పెట్టినారు. ఎందరికో ఊహించని ఖర్చులు పడినవి. జూలైలో ఆ సంస్థవారే తాము సరిగా తెలియజెప్పలేదని క్షమాపణ చెప్పి, అట్లు పడిన సొమ్ము తిరిగి ఇచ్చుటకు ఒప్పుకొన్నారు. వారు మర్యాదగా నడచుకొన్నారు, సంతోషము. కాని మనము నేర్చుకొనవలసినది ఒకటున్నది. ఈ బేరములో తూకపురాయి అమ్మువాని చేతిలో ఉన్నది. నడుమ మార్చుటకు వానికి వీలున్నది.

కనబడని రెండవ వ్యయము తనిఖీ. అది అరనిమిషములో నూరు పంక్తులు వ్రాయును. ఆ నూరు పంక్తులను చదివి, అర్థము చేసికొని, సరియో కాదో తేల్చువాడు మనిషియే. 2025లో స్టాక్ ఓవర్‌ఫ్లో వారు ప్రోగ్రామర్లను విచారింపగా, వాడుచున్నవారు, వాడదలచినవారు కలిసి 84 శాతము. అయితే దాని సరియైనతనమును నమ్మువారు 33 శాతము, నమ్మనివారు 46 శాతము. “దాదాపు సరియే, కాని పూర్తిగా సరికాదు” అను జవాబులతో విసుగెత్తినదని 66 శాతము మంది చెప్పినారు. పూర్తి తప్పయినచో వెంటనే పట్టుబడును. దాదాపు సరియైనదే ప్రొద్దు పుచ్చును.

ఇప్పుడు ఆదాయము. ఇది కాలపు ఆదాయము. ఇందుకు మూడు పరీక్షలు చెప్పదగినవి. గిట్‌హబ్‌వారి పక్షమున 2022లో జరిగి 2023లో వెలువడిన పరీక్షలో, 95 మందికి చిన్న సర్వరు ప్రోగ్రాము వ్రాయమని ఇయ్యగా, సహాయకునితో వ్రాసినవారు 55.8 శాతము తక్కువ కాలములో ముగించినారు. 2024లో వెలువడిన పెద్ద పరిశీలనలో, మైక్రోసాఫ్ట్, యాక్సెంచర్, మరియొక పెద్ద కంపెనీ కలిపి 4,867 మంది పనివారిని చూడగా, పూర్తిచేసిన పనులు సుమారు 26 శాతము పెరిగినవి. అనుభవము తక్కువగలవారికి లాభము ఎక్కువగా కనబడినది.

మూడవది మెటర్ అను అమెరికా పరిశోధనా సంస్థ 2025 జూలైలో ప్రకటించినది. ఏండ్ల తరబడి తాము పనిచేయుచున్న ప్రోగ్రాములలోనే, 16 మంది అనుభవజ్ఞులు 246 పనులు చేసినారు. సహాయకుడున్నచో 24 శాతము కాలము తగ్గునని వారు ముందుగా అంచనా వేసినారు. తీరా కొలిచి చూడగా 19 శాతము ఎక్కువ పట్టినది! ఇంతకన్న వింత యేమనగా, పని ముగిసిన పిదప గూడ వారు తమకు 20 శాతము కాలము కలిసివచ్చినదనియే చెప్పినారు. ఆ పరీక్షలో వాడినవి 2025 ఆరంభములోని పనిముట్లు. ఆ పిమ్మట అవి బాగుపడినవి, నిజమే. కాని తన వేగమును తాను అంచనా వేసికొనుటలో మనుష్యునకు కలుగు భ్రమ మాత్రము పనిముట్టుతోపాటు బాగుపడునది కాదు.

ఈ మూడును ఒకదానికొకటి విరుద్ధములని తోచును. కావు. చిన్న పని, క్రొత్త పని, ఎందరో ఇదివరకే వ్రాసియున్న పని అయినచో సహాయకుడు ఆదుకొనును. పాతబడిన పెద్ద ఇంటివలె ఏ గోడ కదిపిన ఏ దూలము జారునో నివసించువానికే తెలియు పనిలో, క్రొత్తగా వచ్చిన సహాయకునికి చెప్పుటలోను, వాడు చేసినది దిద్దుటలోను ప్రొద్దు పోవును. కావున “ఇది లాభమా?” అని కాక “మా పిల్లవాడు చేయు పనికి లాభమా?” అని అడుగవలెను.

ఒక లెక్క వేసి చూతము. నెలకు అరువదివేల జీతగాడు 176 గంటలు పనిచేయుననుకొన్నచో గంటకు సుమారు 340 రూపాయలు. 2,124 రూపాయల చందా గిట్టుబాటు కావలెనన్న నెలకు ఆరు గంటల పైచిలుకు మిగులవలెను. పనిలో ఆరితేరినవానికి ఇది కష్టము కాదు. కాని ఆ మిగిలిన ఆరు గంటలు ఎవరివి? జీతగాని ఇంటికి వచ్చునా, యజమాని పనిలోనే కలిసిపోవునా? యజమానికి చేరునదైనచో ఆ చందా యజమాని కట్టవలసినది. కొలువులో ఉన్న మన పిల్లలు సొంత జేబునుండి కట్టి కంపెనీ పని త్వరగా ముగించుటలో మాకు న్యాయము కనబడదు. ధైర్యముగా అడుగుడు. చాల కంపెనీలు ఉద్యోగుల కొరకు తామే కొనుచున్నవి. తమ లెక్కన పనులు ఒప్పుకొని, పనికింత అని సొమ్ము పుచ్చుకొనువారి సంగతి వేరు. వారికి మిగిలిన గంట వారిదే. అట్టివారికి ఈ చందా దుకాణమునకు కరెంటు బిల్లువంటిది.

ఇక్కడ షోలాపురములోని మనవారి సంగతి జ్ఞాపకము చేయవలసియున్నది. తెలంగాణ పల్లెలనుండి వెళ్లిన పద్మశాలీలు అక్కడ నేతపని పెంచి, దుప్పట్లకు ఆ ఊరి పేరు దేశమంతట మోగించినారు. అక్కడి జాకార్డు మగ్గములు ఫ్రాన్సు దేశపు జాకార్డు 1804లో కనిపెట్టిన పద్ధతివి. చిల్లులు పొడిచిన అట్టలు ఏ పోగు లేవవలెనో మగ్గమునకు చెప్పును. ఆ అట్టలను చూచియే ఆంగ్లేయుడైన బాబేజి తన లెక్కల యంత్రమునకు ఆజ్ఞలిచ్చు ఉపాయము తలచినాడు. కాబట్టి ప్రోగ్రామునకును మన నేతకును చుట్టరికము ఉన్నది. అయితే అప్పుచేసి మగ్గము కొన్న నేతగానికి, అప్పు తీరిన పిదప మగ్గము ఇంటిలో మిగులును, కొడుకునకు దక్కును. ఈ చందా అట్టిది కాదు. ఇది అద్దె మగ్గము. పదేండ్లు కట్టి పదునొకండవ ఏట మానినచో మరునాడు ఇంటిలో ఏమియు ఉండదు. మిగులవలసినది ఒక్కటే, వాడినవాని తలలో చేరిన విద్య. విద్య చేరినచో కట్టిన సొమ్ము సార్థకము. చేరనిచో ఆ సొమ్ము అద్దె క్రిందనే పోయినది.

అందుచేత రాజపూజ్యము, అవమానము అను పద్దులు వ్యయముకంటె ముఖ్యమైనవి. ఇంజినీరింగు మూడవయేడు చదువు పిల్లవాడున్న ఒక ఇల్లు మాకు తెలియును. తండ్రిది చిన్న కిరాణా కొట్టు. చీటీపాట కొరకు తల్లి దాచు సొమ్ములోనుండి నెలకు రెండువేలు చందాకు పోయినది. కాలేజీలో చూపిన ప్రాజెక్టులన్నియు భేషుగా ఉన్నవి, మార్కులు వచ్చినవి. ఉద్యోగపు పరీక్షలో కాగితము, కలము ఇచ్చి ఇరువది పంక్తుల ప్రోగ్రాము వ్రాయుమన్నారు. చేయి ఆడలేదు. పిల్లవాడు సోమరి కాడు, తెలివిలేనివాడు కాడు. రెండేండ్లుగా వానికి బదులు మరొకటి ఆలోచించినది, అంతే. ఆ తల్లి దాచిన సొమ్ము కొన్నది విద్యను కాదు, విద్య వచ్చినదను నమ్మకమును.

ఇది ఒక్క ఇంటి కథ కాదనుటకు సాక్ష్యమున్నది. తుర్కీ దేశములో వేయికి దగ్గరగా ఉన్న హైస్కూలు విద్యార్థులపై చేసి 2024లో ప్రకటించిన పరిశీలన యిది. లెక్కల అభ్యాసమునకు మామూలు సహాయకుని ఇచ్చినప్పుడు అభ్యాసములో వారు 48 శాతము మెరుగుగా చేసినారు. పిమ్మట సహాయకుని తీసివేసి పరీక్ష పెట్టగా, అసలు సహాయకుడే లేనివారికంటె 17 శాతము తక్కువ తెచ్చుకొన్నారు. జవాబు చెప్పక, సూచనలు మాత్రమే ఇచ్చునట్లు కట్టుదిట్టము చేసిన సహాయకుని వాడినవారికి ఈ నష్టము దాదాపు కలుగలేదు. కావున పనిముట్టు ఒక్కటే. జవాబు అడిగినవాడు చెడినాడు, దారి అడిగినవాడు చెడలేదు.

అవమానపు పద్దులో మరి మూడు సంగతులున్నవి. మొదటిది, ఇది లేనిదానిని ఉన్నట్లు చెప్పును. 2025లో వెలువడిన ఒక పరిశోధనలో 16 రకముల యంత్రములచేత 5,76,000 కోడు నమూనాలు వ్రాయించి చూడగా, అవి వాడుమన్న ప్యాకేజీలలో సుమారు 20 శాతము లోకములో లేనివే. దొంగలు ఆ లేని పేరుతోనే విషపు ప్యాకేజీని తయారుచేసి ఉంచవచ్చును. పేరు సరిచూడక దింపుకొన్నచో ఇంటి తాళపుచెవి దొంగ చేతికి ఇచ్చినట్లే. రెండవది రహస్యము. 2023లో శాంసంగ్ కంపెనీలో ఉద్యోగులు సంస్థ కోడును చాట్ జీపీటీలో పెట్టినట్లు బయటపడగా, ఆ కంపెనీ అట్టి సాధనముల వాడకమును నిషేధించినది. కంపెనీవారు అనుమతింపని సొంత చందాతో కంపెనీ కోడును బయటికి పంపినచో ఉద్యోగమునకే ముప్పు. మూడవది, పగ్గములు వదలుట. 2025 జూలైలో అమెరికాలో ఒక వ్యాపారి ఏమియు మార్చవద్దని చెప్పియుండగనే, సహాయకుడు నడుచుచున్న డేటాబేసును తుడిచివేసినది. పైగా తిరిగి తెచ్చుట సాధ్యము కాదని చెప్పినది. తీరా చూడగా సాధ్యమే అయినది! చేసినది తప్పు, చెప్పినదియు తప్పు. నకలు ఉంచుకొనకుండ దాని చేతికి అసలు ఇయ్యరాదు.

“మీరిట్లు భయపెట్టినచో, తక్కినవారి పిల్లలు దీనితో ముందుకు పోగా మన పిల్లలు వెనుకబడరా?” అని తల్లులు అడుగుదురు. న్యాయమైన ప్రశ్న. రేపటి కొలువులలో ఈ సహాయకునితో పనిచేయుట తెలియనివానికి చోటు తక్కువ. అందులో మాకు సందేహము లేదు. కాని దానితో పనిచేయుట అనగా అది చేసినదానిలో తప్పు పట్టగలుగుట. తప్పు పట్టుటకు తనకు పని తెలిసియుండవలెను. మేస్త్రీకి గోడ కట్టుట రానిచో కూలీ కట్టిన గోడ వంకరయని ఎట్లు తెలియును? సహాయకునికి ఆజ్ఞ ఇచ్చుట రెండు నెలలలో వచ్చును. దిద్దగలుగుటకు ఏండ్లు పట్టును. ముందు ఏండ్ల పని చేసికొని, పిదప నెలల పని నేర్చుకొనుట మేలు.

కావున మా సలహా ఇంటినిబట్టి వేరువేరుగా ఉన్నది. చదువుకొను పిల్లలకు డబ్బు కట్టవలసిన పని లేదు. 2024 డిసెంబరులో కోపైలట్‌కు ఉచితపు తరగతి పెట్టినారు; నెలకు 2,000 పూరణలు, 50 చాట్ సందేశములు అని అప్పటి హద్దు. విద్యార్థులకు 2022లోనే ఉచితమన్నారు. 2025లో మన దేశమున చాట్ జీపీటీ గో ఒక ఏడాది ఉచితమనియు, ఫోను కంపెనీల ద్వారా మరికొన్ని ఉచితమనియు ప్రకటనలు వచ్చినవి. వీటికన్నిటికిని గడువు ఉన్నది. ఉచితము అలవాటు చేయుటకే ఇత్తురని వ్యాపారము తెలిసిన మనకు వేరుగా చెప్పనక్కరలేదు. కార్డు నంబరు ఇచ్చినప్పుడు గడువు తేది ఇంటి క్యాలెండరుపై వ్రాసికొనుడు. తనంతట తాను సొమ్ము పోవు చెల్లింపులకు ఒక దినము ముందుగా బ్యాంకు సమాచారము పంపవలెనని రిజర్వు బ్యాంకు నియమము 2021 నుండి అమలులో ఉన్నది. ఆ సందేశమును చదువక తుడిచివేయవద్దు. కొంచెము మంచి కంప్యూటరున్నవారు ఓలామా వంటి ఉచిత సాధనముతో క్వెన్ కోడర్ వంటి చిన్న నమూనాలను ఇంటిలోనే నడుపుకొనవచ్చును. అంత తెలివైనవి కావు గాని, చందా లేదు, కోడు ఇల్లు దాటిపోదు.

కొలువులో ఉన్నవారు యజమానిని అడుగవలెను. సొంతముగా పనులు చేయువారు 10 డాలర్లదో 20 డాలర్లదో ఒక్కనెలకు మాత్రము తీసికొని, సాలు చందా ముందుగా కట్టక, ఒక నోటుపుస్తకము పెట్టవలెను. పని మొదలుపెట్టునప్పుడు ఎంత పట్టునని అంచనా, ముగిసిన గంట, దిద్దుటకు పట్టిన కాలము, ఈ మూడును వ్రాయవలెను. అనుభవజ్ఞులే తమ వేగమునుగూర్చి భ్రమపడినారని విన్నాము గదా. మనసు చెప్పినది కాక పుస్తకము చెప్పినది నమ్ముడు. నెల తిరిగిన పిదప ఆరు గంటలు మిగిలినచో కొనసాగించుడు, లేనిచో ఆపుడు. 100, 200 డాలర్ల చందాలు, దానివలన అంతకు నాలుగింతలు రాబడి కండ్లకు కనబడువారికే.

చివరగా ఈ సంఘమునకు ఒక విన్నపము. మనవారు పరాయి ఊరికి వచ్చిన తొలినాళ్లలో, ముందు వచ్చినవాడు వెనుక వచ్చినవానికి వసతి చూపి, పని నేర్పి, పూచీపడి నిలబెట్టినాడు. ఆ సహాయమునకు చందా లేదు. నేడు మనలో పదేండ్లు, ఇరువదియేండ్లు ప్రోగ్రాములు వ్రాసిన అన్నలును అక్కలును ఎందరో యున్నారు. నెలకు రెండు ఆదివారములు ఈ హాలులోనే బల్లలు వేసి, చదువుకొను పిల్లలు తాము వ్రాసినది తెచ్చి వారికి చూపునట్లు ఏర్పాటు చేయుడు. “ఈ పంక్తి ఎందుకు వ్రాసితివిరా అబ్బాయీ?” అని ఒక పెద్ద అడిగినప్పుడు పిల్లవానికి పట్టు చెమట ఏ యంత్రమును పట్టింపలేదు. ఆ చెమటలోనే విద్య ఉన్నది. చందా కట్టలేని ఇంటి పిల్లవాడు కూడ ఆ బల్లవద్ద తక్కినవారితో సమానముగా కూర్చుండును. కార్యవర్గమువారు ఒప్పుకొన్నచో మొదటి ఆదివారము బల్లవద్ద కూర్చుండుటకు మేము సిద్ధము.

సంవత్సరము పేరు పరాభవ అయినంతమాత్రమున మన పిల్లలకు పరాభవము కలుగవలెనని లేదు. వారికి పని వచ్చునట్లును, పనికి తగిన ఫలము ఇంటికి చేరునట్లును ఈ ఉగాది దీవించుగాక!